నేను వెయ్యని జాకీ వేషం

శ్రేయా, పోయిన ఆదివారం వీడియో కాల్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "అమ్మమ్మా, ఫస్ట్ టైమ్ కాస్‌ప్లే చేస్తున్నా. కొత్తవాళ్ళు ఏ క్యారెక్టర్‌తో మొదలుపెడితే మంచిది?" అన్నావు. వెనకనుంచి నిఖిల్ "అమ్మమ్మనా అడుగుతున్నావు? అమ్మమ్మకి కాస్‌ప్లే అంటే ఏం తెలుసే!" అని నవ్వాడు. నేనూ నవ్వి, "నీ చేత్తో నువ్వే వేసుకుని, నీ చేత్తో నువ్వే విప్పుకోగలిగిన వేషం ఏదైనా మంచిదేనమ్మా" అని, పోపు మాడిపోతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పోపు నిజంగానే మాడింది. కానీ ఫోన్ పెట్టేసింది అందుకు కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా చేతిలో ఆవాల డబ్బా ఉంది. ఆ డబ్బా మీరు చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, మూత మీద పేరు చెక్కిన స్టీలు టిఫిన్ డబ్బా. ఆ పేరు దగ్గర నా బొటనవేలు ఆగిపోయింది.

కాస్‌ప్లే అంటే ఏమిటో నాకు తెలుసు నాన్నా. ఒక మనిషి ఇంకో మనిషి బట్టలు వేసుకుని నలుగురిలో నిలబడటం. మా బడిలో దాన్ని విచిత్ర వేషధారణ పోటీ అనేవాళ్ళు, మేము ఫ్యాన్సీ డ్రెస్సు అనుకునేవాళ్ళం. నేను అందులో ఒకే ఒక్కసారి ఉన్నాను. ఫస్టు ప్రైజు వచ్చింది. ఆ ప్రైజే ఈ డబ్బా. ఇప్పటిదాకా మీ అమ్మకి కూడా ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

గౌలిపురలో మా ఇల్లంటే ముందు బర్రెల ఇల్లు, తర్వాతే మనుషుల ఇల్లు. గల్లీలోంచి తలుపు తీసుకుని లోపలికి వస్తే ఎడమచేతి పక్క కొట్టం, అందులో ఏడు బర్రెలు, కుడిచేతి పక్క రెండు అర్రలు, మధ్యన నాపరాళ్ళ వాకిలి. పొద్దున నాలుగింటికి అమ్మ లేచి కొట్టం కడిగేది. ఆ చప్పుడుకే మాకు తెలివి వచ్చేది. తడిసిన పత్తిచెక్క వాసన, పేడ వాసన, పొదుగుకి రాసే వెన్న వాసన, సాయంత్రం దోమలకని వేసే వేపాకు పొగ. ఇవన్నీ మా బట్టల్లో, జుట్టులో, పుస్తకాల్లో కూడా ఉండేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా తెలుగు వాచకాన్ని వాసన చూసి "సుగుణా, నీ పుస్తకం పాలిస్తదే" అనేది. బాపు సైకిలుకి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పొద్దున ఒక తిరుగుడు, సాయంత్రం ఒక తిరుగుడు తిరిగి పాలు పోసి వచ్చేవాడు. పేరు వీరయ్య, మెత్తని మనిషి. ఇంట్లో ఎంత లొల్లి జరిగినా సైకిలు చైనుకి నూనె వేసుకుంటూ కూర్చునేవాడు.

లొల్లి అంతా మా నాయనమ్మదే. ఆవిడ నులకమంచం సరిగ్గా తలుపు దగ్గర, గడపకి అడ్డంగా ఉండేది. చుట్ట వెలిగించుకుని, కాళ్ళు చాపుకుని అక్కడే పొద్దంతా కూర్చునేది. బయటికి పోయేవాళ్ళెవరైనా ఆ కాళ్ళు దాటాలి. దాటకూడదు కాబట్టి ఆవిడ ముడుచుకునేదాకా నిలబడాలి. నిలబడితే అడుగుతుంది: ఎక్కడికి, ఎందుకు, ఎవరితోని, ఎప్పుడొస్తవ్. అన్నిటికీ జవాబు నచ్చితే కాళ్ళు ముడిచేది. బాపుకి అడక్కుండానే ముడిచేది. అమ్మకి ఎప్పుడూ ముడవగా నేను చూడలేదు, ఎందుకంటే అమ్మ అడగనే అడగలేదు. కూరగాయలు గల్లీలోకే వచ్చేవి, గాజులు గల్లీలోకే వచ్చేవి. అమ్మ ఆ ఇంట్లోకి పెళ్ళై వచ్చాక పండగకీ పబ్బానికీ తప్ప గడప దాటిన గుర్తు నాకు లేదు.

చిన్నప్పుడు నాకు ఆ కాళ్ళు లెక్కలోనే ఉండేవి కావు, కిందనుంచి దూరిపోయేదాన్ని. బాపు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని మలక్‌పేట దాకా పోయేదాన్ని. అక్కడ రేసు కోర్సు గోడ పక్కన రోడ్డు మీద ఒకరోజు పొద్దున గుర్రాలు పోతున్నాయి. నేను అప్పటిదాకా చూసిన గుర్రాలు పెళ్ళి బరాత్ గుర్రాలే, అలిసిపోయి, కళ్ళు మూసుకుని నడిచేవి. ఇవి అట్లా లేవు. ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది, ఒక్కొక్కటి మా కొట్టం అంత ఎత్తు. అన్నిటికంటే పెద్ద గుర్రం మీద ఒక మనిషి మోకాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. బాపు సైకిలు దిగి పక్కకి జరిగాడు. రిక్షాలు ఆగాయి. ఒక లారీ కూడా ఆగింది. ఆ మనిషి గేటు దగ్గర కిందకి దూకాడు. చూద్దును కదా, మనిషి నా అంతే ఉన్నాడు! నేను వయసుకి తగ్గ ఎత్తు లేని పొట్టిదాన్ని. "గింత పోరి ఎవరికి పనికొస్తది" అని నాయనమ్మ రోజూ అనేది. నేను బాపుని అడిగాను, "గాయన గంత పొట్టిగున్నడేంది బాపూ?" "జాకీ బిడ్డా. పొట్టిగ, అల్కగ ఉంటెనే గుర్రం ఉరుకుతది. పొడుగోళ్ళను పెట్టుకోరు." పొట్టివాళ్ళని మాత్రమే పెట్టుకునే పని ఒకటి లోకంలో ఉందని ఆ రోజు తెలిసింది. ఎన్ని రోజులు ఆ సంతోషంతో తిరిగానో.

నేను పెద్దమనిషి అయ్యాక సైకిలు కడ్డీ పోయింది. బడి, ఇల్లు. ఇల్లు, బడి. అది కూడా పక్కింటి పిల్లతో కలిసి, తల వంచుకుని. బడి నుంచి వచ్చాక తలుపు దగ్గర నిలబడితే నాయనమ్మ "లోపటికి నడువ్" అనేది. లోపలికి పోతే వాకిలి, వాకిలి దాటితే వెనక గోడ, గోడ నిండా పిడకలు. మేడ లేదు, కిటికీ ఒక్కటి ఉంటే అది కొట్టంలోకి ఉంది. సెలవు రోజుల్లో నేను వాకిట్లో నాపరాళ్ళు లెక్కపెట్టేదాన్ని. ముప్పై ఆరు. అందులో రెండు పగిలినవి.

ఆ ముప్పై ఆరు రాళ్ళలోకి బయటినుంచి వచ్చేది ఒకే ఒకటి, ఖాదర్ చాచా మూట. మా గల్లీ చివర చాచా దర్జీ దుకాణం. ఆయన కుట్టిన చొక్కాలకి కాజాలు కుట్టి, బొత్తాలు పెట్టే పని మా అమ్మకి ఇచ్చేవాడు. నేను బడి నుంచి వచ్చాక అమ్మ పక్కన కూర్చుని కుట్టేదాన్ని. ఏడాదిలో రేసులు నడిచే నెలల్లో ఆ మూటలో మామూలు చొక్కాలు ఉండేవి కావు. జాకీల జాకెట్లు ఉండేవి. ఒక్కో గుర్రం యజమానికి ఒక్కో రంగు, ఒక్కో గుర్తు. ఎర్ర ఒంటికి తెల్ల చేతులు, ఆకుపచ్చ మీద నల్ల గీతలు. మూట విప్పితే ఆ మసక అర్రలో దీపం పెట్టినట్టు ఉండేది. చాచా గడప అవతలే నిలబడి చెప్పేవాడు, "బేటీ, హాత్ ధోకే బైఠో. ఘీకా దాగ్ పడ్డదంటే నా నౌకరీ పాయె!" మేము పప్పుపిండితో చేతులు తోముకుని మరీ కూర్చునేవాళ్ళం. అయినా ఆ జాకెట్లకి మా వెన్న వాసన కొంచెం అంటే ఉంటుంది. గుర్రాల మీద గాలిలో మా ఇంటి వాసన కూడా పరిగెత్తుతోందని నేను అనుకునేదాన్ని. పైకి చెప్పేదాన్ని కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి లలితా టీచరు పేర్లు రాసుకున్నారు. అప్పటికే ముగ్గురు భారతమాతలు తేలారు. ఉన్నది ఒకటే జెండా, దానికోసం కొట్లాట. ఒకమ్మాయి ఎరుకలసాని, ఒకమ్మాయి డాక్టరు, ఒకమ్మాయి జామకాయలు అమ్మే ఆవిడ. నా వంతు వచ్చింది.

"నువ్వెప్పుడూ పేరియ్యలేదుగా సుగుణా. మొదటిసారి వేసేవాళ్ళు చూడంగనే గుర్తుపట్టే వేషం ఎంచుకోవాలె. స్టేజి మీద నిలబడి నేను ఫలానా అని చెప్పుకునేటట్టు ఉండొద్దు. ఏమేస్తవ్?"

"జాకీ, టీచర్."

"ఏంటి?"

"గుర్రమెక్కే జాకీ, టీచర్."

తరగతి అంతా నవ్వింది. "గుర్రం యాడికెళ్ళి తెస్తవే? బర్రెనెక్కి వస్తవా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. టీచరు కూడా నవ్వు ఆపుకుంటూ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఎత్తు మాత్రం సరిపోయింది" అని రాసుకున్నారు. నా ఎత్తు దేనికైనా సరిపోయిందని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

అమ్మతో చెప్పాను. అమ్మ చేతిలో ఉన్న కాజా పూర్తిచేసి దారం కొరికింది. తర్వాత "మీ నాయనమ్మకు చెప్పకు" అంది. అంతే. అది ఒప్పుకోవడమో కాదో నాకు అర్థం కాలేదు గానీ, మర్నాడు చాచా మూట తెచ్చినప్పుడు అమ్మ తలుపు చాటునుంచి తనే అడిగింది, "భాయ్‌సాబ్, ఒక జాకెటు బేస్తవారం దాంక మా దగ్గర ఉంచుతరా? పిల్ల బడిల ఏశమేస్తదట." చాచా గడ్డం గోక్కున్నాడు. "జుమ్మా నాడు పొద్దుగాల మలక్‌పేటకు పోవాలె అమ్మా. బేస్తవారం దాంక ఫికర్ లేదు." నీలం జాకెట్టు, దాని మీద పసుపు చుక్కలు. మిగిలిన ముక్కలతో టోపీ కూడా కుట్టిచ్చాడు, మా ఇంటి పాలగిన్నె బోర్లించి కొలత తీసుకుని. బాపు పాత పైజామాని పిన్నీసులతో బిగించాం. బూట్లు లేవు. విరిగిపోయిన గొడుగు గుడ్డ నల్లగా ఉంటే అమ్మ దాన్ని నా బడి చెప్పుల మీదనుంచి మోకాలి దాకా చుట్టి కుట్టింది. ఆ వారం రోజులు అమ్మ మొహంలో ఒకటి చూశాను, మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. కుడుతూ కుడుతూ తనలో తను నవ్వుకునేది.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. మంగళవారం మధ్యాహ్నం నాయనమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. అన్నీ వేసుకుని చూద్దామని వేసుకున్నాను. వేసుకున్నాక మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం రావాలి కదా అనిపించింది. కొట్టంలోకి పోయి, తొట్టి అంచు ఎక్కి, మా అన్నిట్లోకీ మెత్తనిదైన గౌరి బర్రె వీపు మీద కూర్చున్నాను. గౌరి తల తిప్పి చూసి మళ్ళీ నెమరు వేసుకుంది. మోకాళ్ళు పైకి ముడిచాను. ముందుకి వంగాను. కళ్ళు మూసుకున్నాను. నాపరాళ్ళు లేవు, పిడకల గోడ లేదు, గడప లేదు. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. ఆ కొద్దిసేపే ఆ ఇంట్లో నేను స్వేచ్ఛగా ఉన్నది.

"దొంగ! దొంగ! ఓ వీరయ్యా, కొట్టంల దొంగ వడ్డడురా!"

నాయనమ్మ కర్ర పట్టుకుని వస్తోంది. గౌరి బెదిరి పక్కకి దూకింది, నేను గడ్డిమోపు మీద పడ్డాను. టోపీ ఊడి జడ బయటపడింది. నాయనమ్మ కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

"ఇది... ఇది మన సుగుణనానే?"

"అవునత్తా, బడిల ఏశం..." అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏశమా! ఆడిపిల్ల పైజామ తొడిగి బర్రె మీద కూసునుడు ఏశమా? పాలిచ్చే తల్లి మీద కూసుంటవే? ఎనకట ఎవ్వరన్న కూసున్నరా మన ఇండ్లల్ల? ఏమే కోడలా, నువ్వే కుట్టిచ్చినవా? గీ షోకులు నువ్వే నేర్పుతున్నవా?"

అమ్మ తల వంచుకుంది. ఆ సాయంత్రం గౌరి చేపలేదు. అమ్మ ఎంత పొదుగు నిమిరినా ఒక్క చుక్క దిగలేదు. నాయనమ్మకి అదొక్కటే చాలు. బాపు నిండని క్యాను చూసి నావైపు ఒకసారి చూశాడు, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర తీర్పు అయిపోయింది. "ఆడిపిల్లకు ఆడిపిల్ల ఏశమే ఉంటది. పెండ్లిపిల్లను చేసి పంపు. చీర ఉన్నది, సొమ్ములున్నయ్. లేకుంటే బడి లేదు గిడి లేదు, ఇంట్లనే పడి ఉండుమను." మర్నాడు టీచరుకి చెప్తే ఆమె పేరు కొట్టేసి రాస్తూ, "మంచిదే, ఇది ఎవరైనా గుర్తుపడతారు" అన్నారు. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన చాచా గడప అవతలనుంచి "క్యా హువా జాకీ సాబ్? రేసు క్యాన్సిలా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన జాకెట్టు మడిచి చంకలో పెట్టుకున్నాడు. టోపీ మాత్రం గడప మీద పెట్టి పోయాడు. నాయనమ్మ దాన్ని చుట్ట నిప్పు ఆర్పే చిప్ప కింద వేసుకుంది.

ఇప్పుడు బాసికం సంగతి చెప్పాలి. పెళ్ళప్పుడు పెళ్ళికొడుకుకీ పెళ్ళికూతురికీ నుదుటికి కడతారే, అదే. ఈ రోజుల్లో ముత్యాలవీ రాళ్ళవీ వస్తున్నాయి. మా అమ్మది జీలుగు బెండుతో చేసింది, మీద జరీ కాగితం. పసుపు గుడ్డలో చుట్టి ఇనుప పెట్టె అడుగున పెట్టుకుంది. నాకు ఆరేళ్ళప్పుడు అది దొరికి, ఆటకి నుదుటికి పెట్టుకున్నాను. ఎప్పుడూ చెయ్యి ఎత్తని అమ్మ నా చేతి మీద ఫట్టున కొట్టింది. "ఉత్తగ కట్టుకోవద్దే! పెండ్లిగాని పిల్లకు బాసికం కడితే ఆ యాడాదిల లగ్గం చెయ్యాలె, లేకుంటే ఇంటికి కీడు" అంది. మా ఇళ్ళల్లో అది అందరికీ తెలిసిన సంగతి. బొమ్మల పెళ్ళిళ్ళు ఆడుకునేటప్పుడు మేము బొమ్మలకి కట్టేవాళ్ళం గానీ ఒకరికొకరం కట్టుకునేవాళ్ళం కాదు. నాయనమ్మ వేషం వెయ్యమన్నప్పుడు కూడా బాసికం మాట ఎత్తలేదు. చెప్పాల్సిన పని లేదు కాబట్టి.

గురువారం మధ్యాహ్నం నాయనమ్మ ముందే తయారై, తెల్ల చీర కట్టుకుని, ముందు వరసలో కూర్చోవాలని పక్కింటావిడతో కలిసి బడికి వెళ్ళిపోయింది. మంచం ఖాళీగా ఉంది. ఇంట్లో అమ్మా నేనూ. అమ్మ తన పెళ్ళి చీర నాకు చుట్టింది. పొట్టిదాన్ని కదా, నడుము దగ్గర నాలుగు మడతలు పెట్టింది. కాళ్ళకి పసుపు, బుగ్గన చుక్క, చేతులనిండా గాజులు. నేను ఏడవలేదు గానీ తల వంచుకునే ఉన్నాను. అమ్మ నా గదవ పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి పెట్టె తెరిచింది. పసుపు గుడ్డ విప్పిన చప్పుడు నాకు వినిపించింది. వెనకనుంచి నుదుటి మీద చల్లగా ఏదో తగిలింది. తల వెనక ముడి పడింది. ఒకటి కాదు, రెండు ముళ్ళు.

"అమ్మా, గిది..." అన్నాను.

"కదలకు" అంది. తర్వాత చాలా మెల్లగా, నాతో అన్నదో తనతో అనుకుందో, "నువ్వన్న బయటవడాలె" అంది.

ఏ బయట? బడికి బయల్దేరడమా? నాకు పదిహేనేళ్ళు. ఆలస్యమైపోతోందని మాత్రమే అనుకున్నాను.

స్టేజి మీద నేను ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. తల వంచుకుని మూడు అడుగులు నడిచాను, అంతే. మొత్తం చప్పట్లు. టీచర్లు ఒకరినొకరు చూసుకుని "అచ్చం పెళ్ళికూతురే" అన్నారు. అచ్చం అనే మాటకి అర్థం ముందు వరసలో కూర్చున్న ఒక్క మనిషికే తెలుసు. నాయనమ్మ చప్పట్లు కొట్టలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నా నుదురు చూస్తోంది. స్టీలు డబ్బా చేతికిచ్చి హెడ్మాస్టరమ్మ నా వీపు తట్టారు. నేను డబ్బా గుండెకి పట్టుకుని దిగాను. నిజం చెప్పాలంటే ఆ ఐదు నిమిషాలు నాకు సంతోషంగానే ఉంది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ ముడి విప్పబోయింది.

"ముట్టకు" అంది నాయనమ్మ. అరవలేదు. ఆవిడ అరవకపోతేనే భయం. "కట్టినప్పుడు సోయి లేదా? ఎవలకు కట్టినవో ఎరుక లేదా? వీరయ్యా, ఇంట్ల దీపం ముట్టిచ్చి చెప్పు, ఈ ఎండకాలం దాటకుండ పిల్లకు లగ్గం చేస్తమని. మాటిచ్చినంకనే విప్పేది."

బాపు సైకిలు దగ్గరనుంచి లేచాడు. ఆయన నాయనమ్మకి ఎదురుచెప్పడం నా జన్మలో ఆ ఒక్కసారే చూశాను. "అవ్వా, బడిల ఆట గదనే. పదో తరగతి కానీ. ఒక్క యాడాది ఆగుదాం."

"బాసికం కట్టిన పిల్ల బడికి వోతదా? రేపు ఇంట్ల ఏదన్న అయితే నీది పూచీనా? పొద్దుగాల బర్రె చేపకపోతె పూచీ నీదా?"

బాపు అమ్మవైపు చూశాడు. నేను కూడా అమ్మవైపే చూశాను. "ఆట కోసమే కట్టిన అత్తా, తప్పయింది" అని అమ్మ ఒక్క మాట అంటే చాలు. తిట్లు తినేది, అంతే, అవి రోజూ తినేవే. అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నోరు విప్పలేదు. బాపు దీపం వెలిగించాడు.

ఆ ఎండాకాలమే పెళ్ళి. పదో తరగతి పుస్తకాలు కొననే లేదు. ఈసారి కొత్త బాసికం కట్టారు. మూడు రోజులు అందరూ నన్ను పెళ్ళిపిల్ల పెళ్ళిపిల్ల అంటుంటే నాకు మాత్రం ఇదే వేషంలాగా, ఎవరో ఒకరు చప్పట్లు కొడితే దిగి ఇంటికి పోవచ్చన్నట్టుగా ఉండేది. ఎవరూ కొట్టలేదు. మీ తాతది మలక్‌పేట. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పని, షిఫ్టు డ్యూటీలు. మంచి మనిషి, మీకు తెలుసుగా. ఇల్లు ఎక్కడంటే, రేసు కోర్సు గోడ వెనక మూడో గల్లీ. రేసుల రోజుల్లో గోడ అవతలనుంచి ఒక్కసారిగా జనం హోరు లేచేది, నేను బట్టలు ఆరేస్తూ ఆగిపోయేదాన్ని. ఎన్నో ఏళ్ళకి ఒకరోజు మీ తాతతో జాకీ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "గంతేనా? పా, ఇయ్యాలనే పోదాం" అని అప్పుడే స్కూటరు తీశాడు. గేటు దాకా పోయాం. టికెట్టు తెస్తానని ఆయన లైన్లో నిలబడ్డాడు. నేను గేటు ముందు నిలబడ్డాను. ఎవరూ అడ్డం లేరు. ఏ కాళ్ళూ చాపి లేవు. అయినా కాలు ముందుకి పడలేదు. "ఇంటికి పోదాం పాండి" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. దారిలో మిర్చిబజ్జీలు కొనిచ్చాడు.

మీరు ఫోన్లో చూపించారుగా, జుట్టుకి రంగు విగ్గు, చెక్కలాగా కనిపించే ఫోమ్ కత్తి, అన్నీ ఇంటికే వస్తాయి. నచ్చకపోతే వెనక్కి కూడా తీసుకుంటారట. మీ అమ్మ "ఏదైనా వేసుకో, చలి వెయ్యకుండా చూసుకో" అంటుంది. నేను అసూయతో అనడం లేదు తల్లీ. నాకు ఆశ్చర్యమంతా ఒక్క దానికే. వేషం వేసుకుని బయటికి వెళ్ళి, సాయంత్రం అది విప్పి కుర్చీ మీద పడేసి, మళ్ళీ మీరు మీరుగానే అన్నం తింటారు. వేషానికి ఒక రోజు ఉంటుంది, ఆ రోజు అయిపోతుంది. మా ఇంట్లో అది ఎవరికీ తెలియదు. నాయనమ్మకి నిజంగా తెలియదు. ఆవిడ చెడ్డదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆ వయసుకి వచ్చాక, ఆవిడ నిజంగా భయపడింది అనుకుంటున్నాను. ఆ గడప దగ్గర మంచం వేసుకుని ఆవిడ కూడా ఎక్కడికీ పోలేదు కదా.

నాకు అర్థం కానిది అమ్మ.

నలభై ఏళ్ళు అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఏ జవాబు వచ్చినా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఏడుపు మొహంతో ఉన్న పిల్లకి కనీసం ప్రైజన్నా రావాలని, అందం చూసి మైమరచి, చేతికి దొరికింది కట్టేసి ఉంటే, అది ఒక రకం. ఆ ఇంట్లోంచి ఆడపిల్లకి ఉన్న దారి అదొక్కటే అనుకుని, కావాలనే రెండు ముళ్ళు వేసి ఉంటే, అది ఇంకో రకం. ఆవిడ చివరి ఏడాది మా ఇంట్లోనే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

"అమ్మా, ఆ దినం బడికి పోయేటప్పుడు నాకు బాసికమెందుకు కట్టినవ్?"

అమ్మ వేళ్ళు ఆగాయి. తల ఎత్తలేదు.

"పాలు పొంగుతున్నయ్ చూడు బిడ్డా" అంది.

పరుగెత్తి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. స్టవ్ వెలిగించి కూడా లేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ ఈనెలు తీస్తూ ఉంది, ఒక్కొక్కటి జాగ్రత్తగా, కాజా కుట్టినంత జాగ్రత్తగా. నేను పక్కన కూర్చుని నావంతు తుంచాను. పళ్ళెం నిండింది. ఆ చలికాలం ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవాల డబ్బా తీసిన ప్రతిసారీ, మూత మీద నా పేరు దగ్గర బొటనవేలు పెట్టి, ఇంకా అదే అడుగుతున్నాను. అమ్మా, మర్చిపోయి కట్టినవా, తెలిసే కట్టినవా?